కంప్యూటరు పెట్టెలో గాలిత్రోవ

కొత్తగా కంప్యూటరు కొనదలచినవారు అంగడికి పోయి మొదట అడుగునది ప్రాసెసరును గురించి. పిదప మెమొరీ ఎంత, డిస్కు ఎంత, తెర ఎన్ని అంగుళములు అని విచారింతురు. ఈ భాగములన్నిటిని ఏ పెట్టెలో అమర్చవలెనన్న ప్రశ్న కడపట వచ్చును. అప్పటికి చేతిలో మిగిలిన సొమ్ము స్వల్పము, ఓపిక అంతకంటె స్వల్పము. వరుసగా నిలిపిన నాలుగు పెట్టెలలో ముందువైపు అద్దమును, అద్దము వెనుక రంగురంగుల దీపములును గలదానిని పిల్లలు వేలుపెట్టి చూపుదురు. బేరము ముగియును.

మన యిండ్లలో ఈ పెట్టెను 'సీపీయూ' అని పిలుచుట వాడుక. నిజమునకు సీపీయూ అనగా లోపల అగ్గిపెట్టె పాటి వైశాల్యముతో ఉండు ప్రాసెసరు మాత్రమే. అంగడివారు పెట్టెను కాబినెట్టు అందురు. పేరు తారుమారగుట పెద్ద దోషము కాదు గాని, పెట్టె అనగా భాగములను కప్పియుంచు రేకు మాత్రమే అను భావము మాత్రము నష్టము తెచ్చును. కాబినెట్టు చేయవలసిన ముఖ్యమైన పని గాలిని ఒకవైపునుండి తీసికొని, వేడి పుట్టుచోట్ల మీదుగా నడిపించి, మరియొకవైపున వెళ్లగొట్టుట. మే నెలలో గదిలోని గాలియే 38 డిగ్రీలు, 40 డిగ్రీలు ఉండు మన ప్రాంతములలో ఈ పని సాగినదా లేదా అన్నదానిపై వేలు పోసి కొన్న యంత్రపు పనితనమును, ఆయువును ఆధారపడి యుండును.

కంప్యూటరు లోనికి పోయిన విద్యుత్తు ఏమగుచున్నది? నీటిపంపు పుచ్చుకొన్న విద్యుత్తులో కొంత నీటిని మేడమీదికి ఎక్కించుటకు వినియోగపడును. కంప్యూటరు అట్టి బరువుపని ఏదియు చేయదు. లెక్కలు కట్టినను, బొమ్మలు గీసినను, అది పుచ్చుకొన్న విద్యుత్తు దాదాపు అంతయు వేడిగా మారి గదిలోనే మిగులును. 1981లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో పవర్ సప్లై శక్తి 63.5 వాట్లు. పాతకాలపు గుండుబల్బు ఒకటి వెలుగుటకు చాలునంత విద్యుత్తుతో యంత్రమంతయు నడిచెడిది. 2022లో ఎన్విడియా సంస్థ విడుదల చేసిన ఆర్.టి.ఎక్స్. 4090 అను గ్రాఫిక్స్ కార్డు ఒక్కటియే 450 వాట్లు పుచ్చుకొనునట్లు నిర్మింపబడినది. అంతటి కార్డు అందరి యిండ్లకు రాదు. అయినను ఆటలకో, వీడియోలు కూర్చుటకో, ఇంజనీరింగు చిత్రములు గీయుటకో కొనెడి ఒక మోస్తరు యంత్రము పని ముమ్మరముగా ఉన్నవేళ 300, 400 వాట్లు తీసికొనుట సామాన్యము.

చిన్న లెక్క వేసి చూతము. 400 వాట్ల వేడిని గాలి మోసికొని పోవలెను. ఆ గాలి లోనికి వచ్చినప్పటికంటె 10 డిగ్రీలకు మించి వేడెక్కరాదు. అందులకు సెకనుకు సుమారు 35 లీటర్ల గాలి పెట్టెగుండ ప్రవహింపవలెను. నడితరపు కాబినెట్టు లోపలి చోటు 50 లీటర్లనుకొన్నచో, అందలి గాలి అంతయు ఒకటిన్నర సెకనులోపల మారిపోవలెనన్న మాట. ఆ ప్రవాహము సగమైనచో పెరుగుదల 20 డిగ్రీలగును. 38 డిగ్రీల గదిలో మొదటి పెట్టెనుండి వెలువడు గాలి 48 డిగ్రీలు, రెండవదానినుండి వెలువడునది 58 డిగ్రీలు. లోపలి భాగములు ఈ గాలికంటె ఇంకను ఎంతో వేడిగా ఉండును. ఎన్ని ఫ్యానులు పెట్టినను లోపలి వేడి గది వేడికంటె దిగదు. ఫ్యాను గాలిని నడుపునే గాని చల్లబరుపదు. బయట గాలి చల్లగా ఉండు దేశములలో నాసిరకపు పెట్టె సయితము చెల్లిపోవుటకును, అదే పెట్టె రెంటచింతలలోనో రామగుండములోనో వేసవిలో చేతులెత్తివేయుటకును కారణమిదియే.

వేడి మితిమీరినప్పుడు యంత్రము వెంటనే కాలిపోదు. ఇప్పటి ప్రాసెసర్లు తమ వేడిని తామే కొలుచుకొనును. 95 డిగ్రీలో, 100 డిగ్రీలో, తమకు నిర్ణయించిన హద్దు చేరగానే అవి వేగము తగ్గించుకొనును. అప్పటికిని వేడి పెరిగినచో యంత్రము తనంతట తానే ఆగిపోవును. కావున ఎక్కువ ధరపెట్టి వేగవంతమైన ప్రాసెసరు కొని, గాలియాడని పెట్టెలో బిగించినవాడు వేసవి మూడు నెలలును తక్కువరకపు ప్రాసెసరుతో పనిచేసినట్లే. ఇది కంటికి కనబడని నష్టము. మదర్‌బోర్డు మీదను, పవర్ సప్లైలోను ఉండు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు మరియొక చిక్కు కలదు. వాటి వేడి 10 డిగ్రీలు పెరిగినకొలది ఆయువు ఇంచుమించు సగమగునని ఇంజనీర్లు స్థూలముగా లెక్కకట్టుదురు.

పెట్టెలోని అమరికను గూర్చి నిర్మాతలు పడిన పాట్లు కొన్ని చెప్పుకొనదగినవి. ఇప్పటికిని మనము వాడుచున్న ఏ.టి.ఎక్స్. అను అమరికను ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టినది. పవర్ సప్లైలోని ఫ్యాను బయటిగాలిని లోనికి ఊదగా, అదే గాలి ప్రాసెసరును కూడ చల్లబరచునని మొదట తలచిరి. కాని ఆ గాలి పవర్ సప్లైలో ఒకమారు వేడెక్కి గదా ప్రాసెసరును చేరును! తరువాత ఆ పద్ధతిని త్రిప్పి, ఫ్యాను వేడిగాలిని బయటికి నెట్టునట్లు మార్చిరి. ప్రాసెసర్ల వేడి విపరీతముగా పెరిగిన దినములలో, 2004 ప్రాంతమున, ముందునుండి వచ్చు గాలి సూటిగా ప్రాసెసరుమీదుగా పోవునట్లు బి.టి.ఎక్స్. అను కొత్త అమరికను ఇంటెల్ తెచ్చినది. ఆలోచన మంచిదే. కాని అంతలో తక్కువ వేడిపుట్టించు ప్రాసెసర్లు రాగా 2006లో దానిని విడిచిపెట్టిరి. అందుచేత ఏ.టి.ఎక్స్. బోర్డే నిలిచినది, గాలిని సరిగా నడిపించు భారము కాబినెట్టు చేయువారిమీదను, దానిని ఎంచుకొనువారిమీదను పడినది.

మన పాత పెంకుటిండ్లను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వీధిగుమ్మము, నడవ, పెరటిగుమ్మము ఒకే వరుసలో ఉండెడివి. రెండు తలుపులును తెరచినచో నడవలో చాప వేసికొని పడుకొన్నవానికి ఎండవేళ సయితము కునుకు పట్టెడిది. పెరటితలుపు మూసినచో వీధితలుపు ఎంత బార్లా తెరచినను గాలి రాదు. మంచి కాబినెట్టు సూత్రమును ఇంతే. ముందుభాగము వీధిగుమ్మము, వెనుకభాగపు పైచోటు పెరటిగుమ్మము. చల్లని గాలి ముందునుండి ప్రవేశించి, గ్రాఫిక్స్ కార్డును, ప్రాసెసరును తాకి, వెనుకనుండియు కప్పునుండియు వెలుపలికి పోవలెను. వేడిగాలి తనంతట పైకిపోవునన్న మాట నిజమే గాని, ఫ్యాను తాకిడి ముందర ఆ బలము మిక్కిలి స్వల్పము. కావున కప్పుమీది కిటికీలనే నమ్ముకొనుటకంటె ముందరి గుమ్మమును చూచుకొనుట మేలు.

అద్దపు ముఖము గల పెట్టెలతో చిక్కు ఇచ్చటనే వచ్చుచున్నది. ముందుభాగమంతయు అద్దముతో మూసివేసి, ప్రక్కన వ్రేలు పట్టునంత సందు విడుతురు. లోపల మూడు ఫ్యానులు దీపాలంకారముతో తిరుగుచుండును. అవి పీల్చుటకు గాలి మాత్రము ఉండదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఆటంకము లేనిచోట సెకనుకు సుమారు 25 లీటర్ల గాలిని తోయగలదు. ముక్కు మూసినట్లు అడ్డము పెట్టినప్పుడు అందులో సగము కూడ దక్కకపోవచ్చును. అద్దము ప్రక్కభాగమున ఉన్నచో నాకు ఆక్షేపణ లేదు, ఆ వైపునుండి గాలి రానక్కరలేదు. ముందుభాగము మాత్రము సన్నరంధ్రముల లోహపు జాలీతో ఉండవలెను. అంగడిలో దీనిని పరీక్షించుట తేలిక. ముందు జాలీని విప్పి చూపుమని అడిగి, దీపమునకు ఎదురుగా పట్టి చూడుడు. వెలుతురు ధారాళముగా కనబడినచో గాలియు పోవును. కొన్ని పెట్టెలకు జాలీ వలె అచ్చొత్తిన రేకే ఉండును, రంధ్రములుండవు. కొన్నిటికి జాలీ వెనుక దట్టమైన స్పాంజి ఉండును. ఈ రెండును వెలుతురుతో బయటపడును.

ఫ్యానుల సంఖ్యను చూచి మురియవద్దు. ముందు రెండు, వెనుక ఒకటి ఉన్నచో సామాన్యముగా సరిపోవును. పరిమాణము పెద్దదైనకొలది మంచిది: 140 మిల్లీమీటర్ల ఫ్యాను మెల్లగా తిరిగియే, 120 మిల్లీమీటర్లది వేగముగా తిరిగి తోయునంత గాలిని తోయును, రొద తక్కువ. ప్రక్కగదిలో రేడియో వినువారికి ఇది స్వల్పవిషయము కాదు. దీపముల ఫ్యానులు చల్లదనమున సాదా ఫ్యానులకంటె ఎక్కువ చేయునది ఏమియు లేదు, ఒక్కొక్కదానికి రెండేసి తీగలను మాత్రము తెచ్చిపెట్టును.

దుమ్ము మాటకు వత్తము. మనకు ఇది వేడికి సమానమైన శత్రువు. గోదావరిఖని, కొత్తగూడెము వంటి బొగ్గుగనుల ఊళ్లలోను, మాచెర్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారముల దరిని ఉన్నవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. దుమ్ము ఫ్యాను రెక్కలకు పట్టును. వేడిని గాలికి అందించు సన్నని లోహపు రెక్కల నడుమ దూదివలె పేరుకొనును. దీనికి ఒక చక్కని ఉపాయము కలదు. బయటికి నెట్టు గాలికంటె లోనికి తీసికొను గాలి కొంచెము అధికముగా ఉండునట్లు ఫ్యానులను అమర్చవలెను. అప్పుడు పెట్టెలోపలి ఒత్తిడి వెలుపలికంటె రవంత ఎక్కువై, ప్రతి సందునుండియు గాలి బయటికే పోవును. లోనికి వచ్చునదంతయు ముందరి వడపోత జాలీగుండనే వచ్చును. ఇందుకు విరుద్ధముగా వెనుకను పైనను ఎక్కువ ఫ్యానులు పెట్టినచో, పెట్టె ప్రతి చిల్లుగుండను వడపోయని దుమ్మును పీల్చుకొనును. వడపోత జాలీ మరలు విప్పకుండ చేతితో ఊడివచ్చునట్టిదై ఉండవలెను. ముందుదానిని, అడుగున పవర్ సప్లై క్రింద ఉండుదానిని కూడ లాగి చూచి కొనుడు. కడుగుటకు కష్టమైన జాలీని ఎవరును కడుగరు. ఆరునెలలకు అదియే గోడవలె అడ్డము నిలుచును. లోపలి దుమ్మును బ్లోయరుతో ఊదునప్పుడు ప్లగ్గు తీసివేసి, ఫ్యాను రెక్కలను వ్రేలితో ఆపి పట్టుకొనవలెను. గాలిదెబ్బకు గిర్రున తిరిగిన ఫ్యాను చెడిపోవచ్చును.

వెనుకవైపు కార్డులకై విడిచిన చీలికలు కొన్ని ఉండును. వాడని చీలికల రేకులను అమర్చువారు విరిచి పారవేయుట కలదు. అవి మూసియుండునట్లు చూచుకొనుడు. మన యిండ్లలో అటువంటి వాకిలి కనబడినచో బల్లి ఊరుకొనదు. వెచ్చని చోటన్న దానికి మిక్కిలి ప్రీతి.

ఇక తీగల విషయము. తీగలను చక్కగా సర్దినచో యంత్రము ఎంతో చల్లబడునని అంగడివారు చెప్పుదురు. నా అభిప్రాయమున ఇందు కొంత అతిశయోక్తి కలదు. విశాలమైన పెట్టెలో నాలుగు తీగలు వ్రేలాడినంతమాత్రమున వేడి ఒకటి రెండు డిగ్రీలకు మించి పెరుగదు. ముందరి అద్దము చేయు అపకారములో అది ఏపాటి? ఇరుకుపెట్టెలో, ముందరి ఫ్యానుకు ఎదురుగా తీగలకట్ట అడ్డుపడినప్పుడు మాత్రము తేడా తెలియును. తీగల సర్దుబాటునకు అసలు కారణములు వేరు. వదులు తీగ ఫ్యాను రెక్కలో పడి దానిని ఆపివేయును. చిక్కుపడిన తీగలు దుమ్మును పట్టియుంచును. ఒక డిస్కు మార్చవలసివచ్చినప్పుడు వేరొక తీగ ఊడివచ్చి, యంత్రము నడువక, అది ఎచ్చటిదో తెలియక మెకానికును పిలువవలసివచ్చును. ఇంటివారే స్వయముగా శుభ్రపరచుకొనగల యంత్రము కావలెనన్నచో తీగలకు త్రోవ ఉండవలెను.

ఆ త్రోవ మదర్‌బోర్డు బిగించు పలక వెనుక ఉండును. ఆ పలకకును, వెనుక ప్రక్కమూతకును నడుమ 20 మిల్లీమీటర్లైనను ఖాళీ లేనిచో, లావుపాటి 24 కొనల తీగను అందులో పోనిచ్చి మూత వేయుట సాధ్యముకాదు. మోకాలితో అదిమి మరలు బిగించుట చూచియుందుము. 25 మిల్లీమీటర్లున్నచో హాయి. పలకకు బోర్డు అంచులవెంట రబ్బరు చుట్టిన రంధ్రములు, పై ఎడమ మూలన ప్రాసెసరు తీగ కొరకు ఒక రంధ్రము, కట్టుటకు కొక్కెములు ఉన్నవేమో చూడుడు. ఆ మూలరంధ్రము లేనిచో తీగ బోర్డుకు అడ్డముగా ఈదుకొని రావలెను. కట్టుటకు ప్లాస్టిక్ బిగింపుపట్టీలకంటె వెల్క్రో పట్టీలు మేలు. విప్పి మరల కట్టవచ్చును. తీగలు విడదీయుటకు వీలైన పవర్ సప్లై కొన్నచో అక్కరలేని తీగలు అట్టపెట్టెలోనే ఉండిపోవును. తీగల కొనలన్నియు బోర్డు వెనుకవైపుననే తగిలించునట్టి మదర్‌బోర్డులు కొన్ని వచ్చినవి. చూచుటకు ముచ్చటగా ఉండును గాని, వాటికి తగిన రంధ్రములు గల కాబినెట్టే కావలెను.

పెట్టె వెడల్పునకు సంబంధించి నిజముగా ప్రమాదకరమైన విషయమొకటి కలదు. 2022 చివర పైన చెప్పిన పెద్ద కార్డులకు తగిలించు 16 కొనల కొత్త కనెక్టరు కొన్నిచోట్ల కరగిపోయినది. కనెక్టరు పూర్తిగా లోనికి దిగకుండుటయే ముఖ్యకారణమని తయారీదారు ప్రకటించినది. కార్డు ఎత్తుగా ఉండి, పెట్టె ఇరుకైనప్పుడు ప్రక్కమూత ఆ తీగను నొక్కి వంచును. వంగిన తీగ కనెక్టరును ఒకవైపునకు లాగును. కావున అట్టి కార్డు వాడువారు కార్డుకును మూతకును నడుమ తీగ వంపు తిరుగుటకు మూడు నాలుగు సెంటీమీటర్లైనను మిగులునట్టి పెట్టెను తీసికొనవలెను.

కొలతలను కాగితముపై వ్రాసికొని అంగడికి పోవుట మంచిది. పూర్తి ఏ.టి.ఎక్స్. బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు, మైక్రో ఏ.టి.ఎక్స్. సాధారణముగా 244 మిల్లీమీటర్ల చదరము, మినీ ఐ.టి.ఎక్స్. 170 మిల్లీమీటర్ల చదరము. మైక్రో బోర్డును ఒక మోస్తరు పెద్ద పెట్టెలో పెట్టుట మనకు అన్నివిధముల అనుకూలమని నా సలహా. ప్రాసెసరుపై నిలుచు ఫ్యాను గోపురము ఎత్తు 160 మిల్లీమీటర్లకు పైబడవచ్చును. గ్రాఫిక్స్ కార్డు పొడవు 300 మిల్లీమీటర్లు దాటవచ్చును. ముందర ఫ్యానులు బిగించిన పిదప కార్డుకు ఎంత చోటు మిగులునో అడుగుడు.

విజయవాడలో నేనెరిగిన ఒక గృహస్థు కుమార్తె ఇంజనీరింగు చదువుచు, మే నెలలో తన ప్రాజెక్టు పనికై కంప్యూటరు నడుపుచుండగా అది అరగంటకొకసారి ఆగిపోవుచుండెను. ప్రాసెసరు మార్చవలెననియు, పది పండ్రెండు వేలగుననియు ఎవరో చెప్పిరి. వారు డబ్బు సిద్ధము చేసికొనిరి. చూడగా పెట్టె మంచిదే. కాని దానిని కంప్యూటరు బల్ల క్రింది తలుపుల అరలో, గోడకు అంటించి పెట్టి, దుమ్ము పడకుండ పైన పూలు కుట్టిన గుడ్డ కప్పియుంచిరి. వెలువడిన వేడిగాలి మరల ముందునుండియే లోనికి పోవుచున్నది. అర తలుపులు ఊడదీసి, పెట్టెను బల్లప్రక్కన పీటమీద నిలిపి, గోడకు జానెడు దూరముంచగా ఆగిపోవుట ఆగినది. పాత వాల్వు రేడియోల వెనుక చిల్లుల అట్ట ఉండెడిది. సెట్టును గోడకు ఆనించి పెట్టవద్దని పెద్దలు గద్దించెడివారు. ఆ తరమువారికి తెలిసిన సంగతియే ఇది.

పెట్టెకు ఎంత వెచ్చింపవలెను? ఉత్తరములు వ్రాసికొనుటకు, లెక్కలు చూచికొనుటకు, సినిమాలు చూచుటకు మాత్రమే వాడు యంత్రము నూరు వాట్ల లోపుననే నడచును. దానికి ఏ సాదా పెట్టెయైనను చాలును, మిగిలిన సొమ్ము మెమొరీపై పెట్టవచ్చును. విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్నచో దీపములకును అద్దమునకును ఇచ్చు సొమ్మును జాలీముఖము గల పెట్టెకును, మరియొక సాదా ఫ్యానుకును మార్చుడు. చాలమారులు మొత్తము పెరుగదు కూడ.

ఇదివరకే కంప్యూటరున్నవారు తమ పెట్టె సంగతి ఖర్చు లేకుండ తెలిసికొనవచ్చును. వేడిని చూపు ఉచిత ప్రోగ్రాములు కలవు. యంత్రముచే అరగంట బరువైన పని చేయించి ప్రాసెసరు వేడిని, కార్డు వేడిని వ్రాసికొనుడు. యంత్రమును ఆపి, ముందరి మూత తీసి, అదే పని మరల అరగంట చేయించుడు. పిదప ముందరి మూత పెట్టి, ప్రక్కమూత తీసి మూడవమారు చూడుడు. చిన్నపిల్లలు దరికి రాకుండ చూచుకొనుడు. ముందరి మూత తీయగనే వేడి ఐదారు డిగ్రీలు దిగినచో ఆ మూత గాలిని అడ్డుచున్నదన్నమాట. దానిని విప్పి జాలీ కడిగినను తగ్గనిచో, మూతను తీసివేసియే వాడుకొనుట కూడ ఒక మార్గము. ప్రక్కమూత తీసినప్పుడు మాత్రమే దిగినచో, లోపలి వేడిగాలి వెలువడుటకు దారి చాలలేదు. వెనుక ఫ్యాను తిరుగుచున్నదో లేదో, సరియైన దిక్కునకు ఊదుచున్నదో లేదో ఒక సన్నకాగితము పట్టి చూడుడు. రెండింటివలనను తేడా రానిచో దోషము పెట్టెది కాదు. ప్రాసెసరుకును దాని పైఫ్యానుకును నడుమ పూసిన వేడిలేపనము ఎండిపోయి యుండవచ్చును, లేదా ఆ గది కిటికీలు తెరువవలసి యుండవచ్చును.